పెన్ డ్రైవు ఆయువు – మన వివేకము

మన పాత సంచికల ఉర్దూ, తెలుగు పుటలను స్కాన్ చేసి మనము ఒక పెన్ డ్రైవులో దాచుకొంటిమి. ఆ డ్రైవునే ప్రతిదినము నోటీసులకు, ప్రశ్నపత్రములకు కూడ వాడితిమి. ఒకనాడు అది తెరచుకొనలేదు. డ్రైవు చవకదే, పోయిన పుటలు చవకవి కావు.

ఫ్లాష్ మెమరీని 1980లలో జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించిరి. పలకమీది అక్షరమును చెరిపి దిద్దినట్లు ఇందులో దిద్దుట సాధ్యము కాదు. ఒక పెద్ద భాగమునంతయు ఒక్కసారిగా చెరుపవలెను. ప్రతి భాగము ఇన్నిసార్లు మాత్రమే చెరుపుటకు ఓర్చును. చదువుటవలన అరుగుదల స్వల్పము, వ్రాయుటవలననే అధికము.

కావున ఫైల్ సిస్టమ్ ఎంపిక అల్పవిషయము కాదు. ఫ్యాట్32లో ఫైళ్ల పట్టిక డ్రైవు మొదటిభాగమున ఒకేచోట నుండి, మాటిమాటికి దిద్దబడును. ఈ భారమును డ్రైవులోని కంట్రోలరు అన్ని భాగములకు పంచవలెను. చవక డ్రైవులలో ఆ నేర్పు తక్కువ. శాంసంగ్ రూపొందించిన ఎఫ్2ఎఫ్ఎస్ 2013లో లినక్స్ కెర్నెల్ 3.8లో చేరినది. అది క్రొత్త వ్రాతలను చెల్లాచెదరు చేయక వరుసగా వ్రాయును. ఎక్స్ట్4 తన జర్నల్ కొరకు కొంత అదనముగా వ్రాయును. ఆ జర్నలును తొలగింపుమని కొందరందురు. అకస్మాత్తుగా కరెంటు పోయినపుడు ఫైల్ సిస్టమును కాపాడునది అదియే గనుక మేమంగీకరింపము.

మా అభిప్రాయము ఇది: లినక్స్ కంప్యూటరులో నిత్యము వ్రాయు డ్రైవునకు ఎఫ్2ఎఫ్ఎస్ తగినది. పలు కంప్యూటర్ల మధ్య తిరుగు డ్రైవునకు ఎక్స్‌ఫ్యాట్ అనుకూలము. అయితే దానికి జర్నల్ లేదు గనుక ఎజెక్ట్ చేయక ఊడబెరుకరాదు. ఏ డ్రైవునైనను నిండుగా నింపక కొంత ఖాళీ నుంచవలెను.

అయినను ఏ ఫైల్ సిస్టమ్ అయినను ఆయువును పొడిగించునే గాని అమరత్వము నీయదు. భద్రపరచు డ్రైవు వేరు, తిరుగు డ్రైవు వేరు కావలెను. ప్రతి పుటకు హార్డ్ డిస్కుపై ఒక ప్రతి, వేరొకచోట మరియొక ప్రతి ఉండవలెను. ఇందుకు కావలసిన స్వల్పవ్యయమును కళాశాల కమిటీవారు మంజూరు చేయుదురుగాక! మిగిలిన పుటలను తిరిగి స్కాన్ చేయు శ్రమను విద్యార్థులమైన మనమే వహింతము.