పహిల్వాన్లు పాడిన పాట

మీ ఇంట్లో ముప్ఫై అయిదు దాటిన మగాయన ఎవరైనా ఉంటే ఒక ప్రశ్న అడిగి చూడండి. ‘అండర్‌టేకర్ ఎన్నిసార్లు చచ్చి బతికాడు?’ అని. ‘ఏడుసార్లు’ అని ఠక్కున చెబుతాడు. ఎవరు చెప్పారయ్యా అంటే మాత్రం నీళ్లు నములుతాడు. ఆ సంగతి టీవీలో రాలేదు, పేపర్లో పడలేదు. అయినా దేశంలోని ప్రతి బడికీ పాకింది. మా ఆళ్లగడ్డకూ వచ్చింది.

ఇళ్లలోకి కేబుల్ వస్తున్న రోజులు. మాకు కుస్తీ పిచ్చి పట్టింది. ఆ పిచ్చికి మందు నంద్యాలలో దొరికేది. పేకముక్కలంత అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో పహిల్వాను బొమ్మ, కింద ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు. ఎవరి అంకె పెద్దదైతే అవతలివాడి ముక్క వాడిది. ఇంట్లో పెద్దవాళ్లు ఎరువులకో ఆస్పత్రికో నంద్యాల బయల్దేరితే చాలు, సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణమంతా వాళ్ల కొంగో చొక్కా అంచో పట్టుకుని వేలాడేవాళ్లం.

నా జోడీ ఒక శిల్పిగారబ్బాయి. ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరున్న ఊరని మీకు తెలిసిందే. వాళ్ల నాన్నను నేను పెదనాయనా అని పిలిచేవాణ్ని. రాళ్లూ, ఉలి చప్పుడూ, తెల్లటి దుమ్మూ నిండిన ఆ ఆవరణే మా ఆటస్థలం. ఒకరోజు పెదనాయన మా చేతిలోని హల్క్ హోగన్ ముక్క తీసుకుని చూశాడు.

“ఈయప్ప బరువెంతరా?”

“137 కిలోలు పెదనాయనా!”

“అట్లనా! రేపు నంది విగ్రహాన్ని లారీకెక్కించల్ల. ఒక పక్క పట్టుకుంటాడేమో అడగండ్రా” అని నవ్వాడు.

మర్నాడు లారీ వచ్చింది. మోకులు, దుంగలు, గడ్డపారలు, పదిమంది మనుషులు. పెదనాయన పక్కన నిలబడి ఒక కేక అందుకున్నాడు. అది కేకా అంటే కేక కాదు, పాటా అంటే పాట కాదు. ఆయన ఒక మాట అంటే పదిమందీ బదులు పలికారు. ఆ బదులు దగ్గరే అందరి పట్టూ ఒక్కసారి పడింది. రాయి జానెడు కదిలింది. మళ్లీ కేక, మళ్లీ జానెడు. పదిమంది బలాన్ని ఒక్క క్షణంలోకి తెచ్చే పని ఆ పాటదని అప్పుడు మాకు తెలియదు. బలం గురించి మాకు తెలిసిందంతా అట్టముక్క మీది అంకెలే.

2025 జులై 24న హోగన్ చనిపోయాడు. నా జోడీ ఫోన్ చేశాడు. “రేయ్, హోగన్ పోయినాడంటరా” అన్నాడు, ఇంట్లో మనిషి సంగతి చెప్పినట్టు. ఆ రాత్రి ఇద్దరం ఫోన్లో పాత వీడియోలు వెతుక్కుంటూ ఉంటే ఒక వింత తగిలింది. పహిల్వాన్లు పాడిన పాటల రికార్డు!

దాని పేరు ‘ది రెజ్లింగ్ ఆల్బమ్’. 1985లో ఎపిక్ కంపెనీ తెచ్చింది. మొత్తం పది పాటలు. అప్పుడే అమెరికాలో కుస్తీకీ పాప్ సంగీతానికీ చుట్టరికం కలిసింది. 1983లో గాయని సిండీ లాపర్ ఒక వీడియో చేస్తే, అందులో ఆమె తండ్రి వేషం వేసింది కెప్టెన్ లూ అల్బానో అనే కుస్తీ మేనేజరు. 1985 మార్చి 31న న్యూయార్క్‌లో జరిగిన మొదటి రెజిల్‌మేనియాకు ఆమె కూడా వచ్చింది. ఆ ఊపులో పుట్టిందే ఈ రికార్డు.

పాడినవాళ్లలో అందరూ పాట రానివాళ్లేం కాదు. జిమ్మీ హార్ట్ కుస్తీలోకి రాకముందు ‘జెంట్రీస్’ బృందంలో గాయకుడు. 1965లో వాళ్ల పాట ఒకటి బాగా మోగింది కూడా. ఆయన్ను పక్కన పెడితే మిగతాది సరదా. జంక్‌యార్డ్ డాగ్ ఒక గాయనితో కలిసి డాన్సు పాట పాడాడు. నోరు విప్పితే తిట్లే అనిపించుకున్న రౌడీ పైపర్ ఒకటి అందుకున్నాడు. వ్యాఖ్యాత మీన్ జీన్ సైతం వదల్లేదు. అందరికన్నా విచిత్రం నికొలాయ్ వోల్కాఫ్. రింగులో ఆయన రష్యా విలన్. కుస్తీకి ముందు సోవియట్ జాతీయగీతం పాడి జనంచేత ఛీకొట్టించుకునేవాడు. నిజానికి పుట్టింది యుగోస్లావియాలో. ఈ రికార్డులో మాత్రం ‘కారా మియా’ అనే పాత ప్రేమపాట పాడాడు!

మరి మా హోగన్? ‘హల్క్ హోగన్స్ థీమ్’ అని ఒకటుంది. వాయిద్యాలే తప్ప అందులో మాట లేదు. ఆ తర్వాత ఆయన రింగులోకి వచ్చేటప్పుడు మోగిన ‘రియల్ అమెరికన్’ కూడా ఇందులోదే. పాడింది రిక్ డెరింజర్. అదీ మొదట వేరే జంట కోసం చేసిన పాట.

బలవంతుడికి గొంతు అరువు తేవడం మనకు కొత్తేం కాదు. ‘మాయాబజార్’ (1957)లో ‘వివాహ భోజనంబు’ను ఎస్వీ రంగారావే పాడారని నమ్మిన పిల్లలు ఎంతమందో! ఆ గొంతు మాధవపెద్ది సత్యంది. ఆ అతుకు ఎంత బాగా కుదిరిందంటే ఘటోత్కచుణ్ని ఇంకో గొంతుతో ఊహించలేం.

కానీ అరువు గొంతులో లేనిది ఒకటి సొంత గొంతులో ఉంది. కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాటకు ఆ వీలు లేదు. మైకు ముందు నిలబడ్డాక కండలు అక్కరకు రావు. నవ్వుతారని తెలిసీ వాళ్లు నోరు తెరిచారు. జంక్‌యార్డ్ డాగ్ 1998లో కారు ప్రమాదంలో పోయాడు. అల్బానో 2009లో, పైపర్ 2015లో, వోల్కాఫ్ 2018లో పోయారు. వాళ్ల గొంతులు మాత్రం, శ్రుతి ఉన్నా లేకున్నా, అర్ధరాత్రి ఆళ్లగడ్డలో ఒక ఫోన్లో మోగాయి.

పాట అయిపోయింది. అవతల చాలాసేపు మాట లేదు.

“రేయ్, మా నాయన కేక నీకు గుర్తుందా?” అన్నాడు వాడు.

గుర్తుందనే అన్నాను. పలకబోతే రాలేదు. వాడూ ప్రయత్నించాడు. “రాగం వస్తాంది గానీ మాట రావడంలేదురా” అన్నాడు. పెదనాయన పోయి చాలా ఏళ్లయింది. “ఆయన చెక్కిన సాములు ఎన్ని ఊర్లల్లోనో ఉండారు. ఆయన గొంతు మాత్రం యాడా లేదు” అన్నాడు.

నేను పెళ్లిళ్ల ఫోటోలన్నీ గుర్తుచేసుకున్నాను. వాటిల్లో పెదనాయన ఉన్నాడు. నోరు మూసుకుని, బిగుసుకుని, కెమెరా వైపు చూస్తూ.

మీ ఇంట్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. స్నానం చేస్తూ ఏదో పద్యం లాగుతాడు. లేదా ఒకావిడ బియ్యం ఏరుతూ కూనిరాగం తీస్తుంది. మీరు వినగానే ఆపేస్తారు, “నా గొంతేం బాగుంటుందిలే” అంటారు. ఈ ఆదివారం కాస్త మొహమాటం పక్కన పెట్టి ఫోన్ తీసి వాళ్ల దగ్గర పెట్టండి. శ్రుతి సంగతి తర్వాత చూసుకోవచ్చు.