ముగ్గురా అని అడిగినవాళ్ళకు

"ముగ్గురా?"

పది నెలలుగా ఈ మాట వింటున్నాను. స్టాఫ్‌రూములో విన్నాను, బస్సులో విన్నాను, బ్యాంకు వరసలో విన్నాను. నాకు రెండున్నరేళ్ళ కూతురుంది. దాని తర్వాత 2024 డిసెంబరులో ఒకే కానుపులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రమ, సావిత్రి. లెక్కకు ముగ్గురే. లెక్కలు చెప్పుకు బతికే పంతులమ్మను, ఆ కూడిక నాకూ వచ్చు. కాని మీరు అడిగే "ముగ్గురా" కూడిక కాదు. అందులో కులం ఉంది.

ఎట్లా తెలుసంటారా? మా బడి ఉన్న ఊళ్ళోనే ఒక పెద్దకులం ఇంట్లో నాకంటే రెండు నెలల ముందు కవలలు పుట్టారు. వాళ్ళకూ అంతకుముందు ఒక పిల్ల ఉంది. అక్కడా ముగ్గురే. మా టీచర్లందరం చందాలేసుకుని వెండి గిన్నెలు పట్టుకుని పోయాం. "అదృష్టవంతురాలివమ్మా, ఒక్క నొప్పికి ఇద్దరు" అన్నారు. అదే నోళ్ళు నా దగ్గరికొచ్చేసరికి "జంట అరటిపండు తిన్నావా ఏందమ్మా" అని ఒక నవ్వు, ఆ తర్వాత గొంతు తగ్గించి "మీవాళ్ళు ఇంకా ఆపరేషన్లు చేయించుకోరా?" అని ఒక పరామర్శ.

మీవాళ్ళు! సరే, మావాళ్ళ సంగతే చెప్తా వినండి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ అయినవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. రాష్ట్రంలో సగటున ఒక ఆడమనిషికి పిల్లలు 1.7. కనడం ఎప్పుడో తగ్గింది. ఎవరి కడుపులు కోస్తే తగ్గింది? మా అమ్మకు ఇరవై రెండేళ్ళు నిండకముందే ఊరి బడి వరండాలో పెట్టిన క్యాంపులో కోశారు. చాపల మీద వరసగా పడుకోబెట్టారంట. కుట్లు పచ్చిగా ఉండగానే మూడో వారం మిరపకోతకు పోయింది. ఆ రోజు ఆమెను ఎవరూ "ఇంకా కంటావా, చాలా?" అని అడగలేదు. జీపు ఎక్కించుకుని పోయారు, జీపులో దించి పోయారు.

అంతటితో ఆగితే బాగుండు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారని రాశారు. 2006 ఎన్నికల్లో మా ఊరి సర్పంచి సీటు ఎస్సీ ఆడవాళ్ళకు వచ్చింది. మా పల్లెలో పదో తరగతి చదివిన ఆడమనిషి మా పిన్ని ఒక్కతే. ఆమెకు మూడో పిల్లోడు 1998లో పుట్టాడు. అంతే, నామినేషను చెల్లలేదు. ఎవరు గెలిచారో ఊహించుకోండి. ఆసామి తన పాలేరు పెళ్ళాన్ని నిలబెట్టాడు, ఇద్దరే పిల్లలు గదా! ఐదేళ్ళు ఆమె సంతకాలు ఆసామి అరుగుమీద పెట్టింది. ఆమెది తప్పని నేననను. ఆ చట్టం ఎవరి అరుగుకు పనికొచ్చిందో చెబుతున్నాను.

ముప్పై ఏళ్ళు గడిచాయి. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు పిల్లల్ని ఎక్కువ కనమన్నారు. ముసలివాళ్ళు పెరిగిపోతున్నారంట, పనిచేసే చేతులు తగ్గిపోతున్నాయంట. నవంబరులో శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. ఎత్తేసినందుకు సంతోషమే. మా పిన్నికి పోయిన సర్పంచిగిరీ ఎవరిస్తారు? మా అమ్మ కడుపు మీది గీత ఎవరు చెరిపేస్తారు? మీకు నోళ్ళు ఎక్కువైనప్పుడు కొయ్యమంటిరి, చేతులు తక్కువైనప్పుడు కనమంటిరి. మా గర్భసంచి మీ గోదామా?

ఆ పనిచేసే చేతుల సంగతి కూడా చెప్పాలి.

మా నాయనమ్మ మంత్రసాని. మా ఊళ్ళో నాలుగు వీధుల పిల్లలు ఆమె చేతుల్లోనే పడ్డారు. అర్ధరాత్రి నొప్పులొస్తే పాలేరు లాంతరు పట్టుకుని మాదిగపల్లెకు పరుగెత్తుకొచ్చేవాడు. అప్పుడు అంటు లేదు. వాకిలి దాటి, నడవ దాటి, లోపలి గదిలో మంచం దాకా మా నాయనమ్మ పోవచ్చు. బొడ్డు కోసేది, మాయ పూడ్చేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది. పురిటి స్నానం అయ్యేదాకా తల్లికీ బిడ్డకూ ఆమే దిక్కు. పురుడు వెళ్ళిన తెల్లారి ఇల్లు కడుక్కునేవాళ్ళు. ఆ కడిగిన ఇంట్లోకి ఆమె పోగూడదు. పాత చీరె, రెండు శేర్ల జొన్నలు వాకిట్లో పెట్టి పొమ్మనేవాళ్ళు. ఆమె చేతుల్లో మొదటి ఏడుపు ఏడ్చిన పిల్లోడే ఎనిమిదేళ్ళకు "ఒసే" అని పిలిచేవాడు. మైల ఎవరిది? నెత్తురు మీది, కన్నది మీరు, కడిగిన చేతులకు అంటు!

మా అమ్మ మమ్మల్ని ఎట్లా పెంచిందో కూడా చెప్తా. వేపచెట్టు కొమ్మకు చీరె ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టి మిరప చేలోకి దిగేది. పాలివ్వడానికి గట్టెక్కితే మేస్త్రి "బిడ్డను సాకను వొచ్చావా, కూలికి వొచ్చావా" అనేవాడు. మిరపకాయ కోసిన చెయ్యి సబ్బుకు లొంగదు. మజ్జిగ పోసి రుద్దినా, కొబ్బరినూనె రాసినా మంట మూడు నాలుగు గంటలు ఉంటది. ఆ చేత్తో పసిబిడ్డను తాకితే బిడ్డ గుక్క తిరగదు. అందుకని మా అమ్మ మోచేతులతో నన్ను ఎత్తుకుని పాలిచ్చేదంట. వేళ్ళు గాల్లోకి ఎత్తిపెట్టి. కోతలకాలంలో బిడ్డ బుగ్గ నిమరలేని తల్లులు మా పల్లె నిండా ఉన్నారు.

అమ్మతనం మీద కథలు రాసిన అక్కయ్యలారా, మీరు రాసినవి చదివే నేను బీఏ పాసయ్యాను. వంటింటి బాధ రాశారు, బాలింత ఒంటరితనం రాశారు. అబద్ధాలని అనను. కాని మీ కథల్లో "పనిమనిషి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది" అని ఒక్క వాక్యంలో పోయే మనిషి ఉంది చూడండి, ఆమె పిల్లలు ఆ పూట ఎవరి దగ్గర ఉన్నారు? ఏ కథలోనూ ఆ ఆరా లేదు. ఆ పిల్లల్లోంచి వచ్చినదాన్ని కాబట్టి అడుగుతున్నా.

ఇప్పుడు నా సంగతి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. గురుకుల హాస్టల్లో పెరిగి 2018 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నా. గవర్నమెంటు టీచరువి, నీకేం తక్కువ అంటారు. నిజమే, మా అమ్మకు లేనివి నాకున్నాయి. జీతంతో 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. ఇద్దరు పిల్లల దాకానే అన్న పరిమితి కూడా 2025లో తీసేశారు. కాని ఒక బిడ్డకైనా 180 రోజులే, ఇద్దరికైనా 180 రోజులే. సర్కారుకు కవలలంటే ఒక కానుపు. నాకు రెండు నోళ్ళు, రెండు ముడ్లు, రెండు జ్వరాలు.

ఒకతి 1.9 కిలోలు, ఒకతి 2.1 కిలోలు పుట్టారు. గుర్తుకు రమ కాలికి నల్లతాడు కట్టాం. మొదటి మూడు నెలలు రెండు గంటలకొకసారి పాలు. ఒకదానికి పట్టి తేన్పు తెప్పించేలోగా రెండోది లేచేది. రెండోదాన్ని పడుకోబెట్టేలోగా పెద్దది లేచి "నాకూ" అని చంకనెక్కేది. దానికప్పటికి రెండేళ్ళు కూడా లేవు. చెల్లెళ్ళు వచ్చాక ఉగ్గుగిన్నె దాచిపెట్టింది, పొత్తిగుడ్డలు కప్పుకుని తనూ ఉయ్యాల్లో పడుకుంటానంది. ఎవరికి ఎప్పుడు పట్టానో మరిచిపోతానని తలుపు వెనక సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నా, బడిలో హాజరు వేసినట్టు. నాకు పాలు చాలలేదు. డబ్బాపాలు తెచ్చాం. డబ్బా నాలుగు రోజులొచ్చేది.

"పుట్టింటికి పో, హాయిగా రెస్టు తీసుకో" అన్నారు బడిలో. పుట్టింటికే వచ్చాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. మా పుట్టిల్లు పల్లెలో ఒకటిన్నర గది. నేను వచ్చినందుకు మా అమ్మ 2025లో మిరపకోతలు మొత్తం మానేసింది. అరవై రోజుల పని, రోజుకు నాలుగు వందలు. ఇరవై నాలుగు వేలు. ఇది అమ్మమ్మ ప్రేమ అని మీరంటారు. ప్రేమే. ఆ ప్రేమకు ఇరవై నాలుగు వేలు అయింది, మా అమ్మకు ఏ సెలవు చట్టం జీతమివ్వలేదు. నేను డబ్బులిస్తే తీసుకోలేదు. నెలచీటీ మాత్రం నేనే కడుతున్నా, ఆమెకు తెలియకుండా.

జూన్ 12న బడి తెరిచారు. అప్పట్నుంచి పొద్దున్నే తొమ్మిదికల్లా ఫోనుకు ముఖం చూపించాలి. ముగ్గురికి స్నానాలు చేయించి, పదకొండు కిలోమీటర్లు బండి తోలుకుని పోయి, చెమట తుడుచుకునేలోగా నిమిషం దాటితే ఆలస్యం పడిద్ది. రెండో పీరియడ్‌కు జాకెట్టు తడిసిపోయేది. కొంగు చుట్టుకుని బోర్డు వైపు తిరిగి గుణకారాలు చెప్పేదాన్ని. బడిలో పాలు పిండుకోవడానికి మరుగుదొడ్డి తప్ప గది లేదు. ఇంటి దగ్గర పిల్లలు డబ్బాపాలు తాగుతుంటే నా పాలు మరుగుదొడ్డిలో పారబోశాను.

మా మగవాళ్ళ మాట దాటేస్తే బాగుండదు. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. మంచి వక్త. 2025 ఏప్రిల్ 14న మా కమ్యూనిటీ హాలు ముందు సావిత్రిబాయి ఫూలే గురించి ముప్పావుగంట మాట్లాడాడు. చప్పట్లు మా ఇంటిదాకా వినపడ్డాయి. ఇంట్లో మా సావిత్రి గుక్కపట్టి ఏడుస్తంది. నాలుగు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. నైటౌటు లేని రోజు రాత్రి రెండు గంటల సీసా ఇప్పుడు ఆయనదే. ఇది ఏ ఉద్యమం తెచ్చిన హక్కూ కాదు, నా మౌనం తెచ్చింది. అన్నలారా, జయంతి సభల్లో ఆడవాళ్ళ పేర్లు ఎత్తేముందు ఇంట్లో ఎవరి ఏడుపు వినపడుతుందో చూసుకుని రండి.

అంబేద్కర్ పేరు ఎత్తాం కాబట్టి ఒక సంగతి. 1928లో బొంబాయి శాసన మండలిలో మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళకు ప్రసూతి భత్యం ఇచ్చే బిల్లు వస్తే ఆయన లేచి బలపరిచాడు. ఆ భారం సర్కారు కూడా మొయ్యాలన్నాడు. 1929లో అది చట్టమైంది. 1938లో అదే బొంబాయిలో గర్భనిరోధం కావాలని ఆయన పార్టీ తీర్మానం తెస్తే సభ ఓడగొట్టింది. రెండూ అడిగాడు చూడండి. వద్దనుకుంటే ఆపుకునే హక్కూ, కన్నాక విశ్రాంతి హక్కూ. మాకు మొదటిదాని పేరుతో కత్తి వచ్చింది, రెండోది రానే లేదు. తొంభై ఏడేళ్ళయినా మిరప చేలో దిగే తల్లికి జీతం సెలవు ఎక్కడుంది?

కాగితాల మీద ఉన్నాయి లెండి. 2005 ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూసుకోను ఒక ఆడమనిషిని పెట్టాలని రాశారు. మా అమ్మ చెరువు పనికి పోయినన్నాళ్ళలో ఒక్కనాడూ ఆ ఆడమనిషిని చూడలేదు. 2017లో ప్రసూతి చట్టం సవరించి 50 మంది ఉద్యోగులున్న చోట శిశుగృహం ఉండాలన్నారు. మా బడిలో ఇద్దరు టీచర్లం. మిరప చేనుకు హాజరుపట్టీయే లేదు. అంగన్వాడీలో కూర్చోబెట్టుకోవాలంటే మూడేళ్ళు నిండాలి, అప్పటిదాకా గుడ్లు, పాలు, పిండి ఇంటికిస్తారు. బిడ్డకు తిండి పంపుతారు, సంతోషం. ఆ తిండి పెట్టే మనిషి చేలో ఉంటది గదా?

మా పల్లె కమ్యూనిటీ హాలు ఏడాదిలో మూడు వందల అరవై రోజులు తాళంలోనే ఉంటది. దాన్ని కోతలకాలం నాలుగు నెలలు పిల్లల గది చెయ్యమని, పల్లెలో ఇద్దరు ఆడవాళ్ళకు కోత కూలితో సమానంగా జీతమిచ్చి పెట్టమని ఆగస్టులో పంచాయతీకి అర్జీ పెట్టాను. కార్యదర్శి మర్యాదగానే మాట్లాడాడు. "బాగానే ఉంది మేడం, ఏ పద్దు కింద రాయమంటారు?" అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి "టీచరమ్మ తన పిల్లల కోసం హాలు అడుగుతంది" అన్నాడు. అవును, నా పిల్లల కోసమే. మా అమ్మ చేతులు పోయినేడు నా పిల్లలకు చాలాయి కాని, మా పల్లెలో అందరి తల్లులూ కోతలు మానుకుని కూర్చోలేరు. జనవరికి కోతలు మొదలవుతాయి. ఈసారి మా అమ్మ పోతానంటంది.

రెండో అర్జీ నిన్న రాశాను. మూడేళ్ళలోపు పిల్లలుండి కోతకు పోయే తల్లులు మా పల్లెలో పదిహేడు మంది తేలారు. ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు, వయసులు పట్టీ కట్టాను. ఎనిమిది మంది సంతకాలు పెట్టారు, తొమ్మిది మంది వేలిముద్రలేశారు. వేలిముద్రల్లో రెండు సరిగ్గా పడలేదు, మిరపకాయ తొడిమలకు వేళ్ళు అరిగిపోయాయి. వాటి పక్కన పేర్లు నేను రాశాను. సోమవారం మండల ఆఫీసుకు తీసుకుపోతున్నాం.