లోహపు తొడుగులో ఎవరున్నారు?

‘బొమ్మే కదా, అందులో కూడా స్త్రీవాదమేనా?’ ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. వంటింటి గురించి రాసినా, పాఠ్యపుస్తకాల గురించి రాసినా ఇదే ప్రశ్న వేరే మాటల్లో ఎదురవుతూనే ఉంది. ఈసారి విషయం సైన్స్ ఫిక్షన్ సినిమా వస్తువుల నకళ్లు. తెరమీద కనిపించిన కత్తినో, శిరస్త్రాణాన్నో, రోబోనో విడి ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు వారాల తరబడి కూర్చుని అతుకుతారు. ఆ లోకంలో అన్నిటికన్నా పెద్ద మెచ్చుకోలు ‘అచ్చం అసలులాగే ఉంది’ అనడం. ఆ ‘అసలు’లో ఏది లెక్కకొస్తుంది, ఏది రాదు అన్నదే నా తగాదా.

నేను అతికింది ‘మెట్రోపొలిస్’లోని ఆడ రోబోను. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వంలో 1927లో బెర్లిన్‌లో విడుదలైన మూకీ సినిమా అది. రోత్‌వాంగ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రేమించిన హెల్, మరొకరిని పెళ్లాడి బిడ్డను కని చనిపోతుంది. ఆమెను తిరిగి తెచ్చుకోవాలని అతను లోహంతో ఒక ఆడమనిషిని చేస్తాడు. బతికుండగా కాదన్న స్త్రీ, చచ్చాక కాదనలేని రూపంలో కావాలతనికి. తర్వాత ఆ యంత్రానికి కార్మికులు నమ్మిన మరియా ముఖం తగిలించి వాళ్లమీదికే వదులుతారు. చివరికి జనం మంత్రగత్తె అంటూ దాన్ని తగలబెడతారు. చేసినవాడు మగవాడు, వాడుకున్నవాడు మగవాడు. కాలింది మాత్రం ఆడ రూపం.

అతకడం ఓపికతో కూడిన పని. రెజిన్ ముక్కల్ని సబ్బునీళ్లలో కడిగి అచ్చు జిడ్డు వదిలించాలి. అతుకు గీతల్ని తడి ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు తప్పదు. భుజాలకూ తుంటికీ సన్నని రంధ్రాలు చేసి ఇత్తడి తీగ దూర్చి జిగురుతో బిగించాలి. మెరిసే నలుపు పూసి, అది బాగా ఆరాక పైన లోహపు రంగు చల్లాలి. పని నాకు నచ్చింది. నచ్చనిది ఆ పెట్టెలోని సూచనల కాగితం. అందులో రంగుల గురించి పేరాలకు పేరాలున్నాయి, దర్శకుడి పేరుంది. తొడుగు లోపలి మనిషి పేరు లేదు.

ఆమె బ్రిగిట్టె హెల్మ్. 1925లో చిత్రీకరణ మొదలైనప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు. అదే తొలి సినిమా. శిల్పి వాల్టర్ షుల్ట్సే-మిట్టెన్‌డార్ఫ్ ఆమె ఒంటి అచ్చు తీసి, గాలికి గట్టిపడే చెక్కముద్దలాంటి పదార్థంతో తొడుగు చేశాడు. మనకు లోహంలా కనిపించేది వెండి రంగు పూసిన ఆ ముద్దే. అది ఆమె ఒంటిని కోసింది, కమిలేలా చేసింది. ముఖమే కనిపించనప్పుడు ఇంకెవరైనా వేసుకోవచ్చు కదా అని ఆమె అడిగిందనీ, లోపలున్నది నువ్వేనని నాకు తెలుస్తుంది కదా అని దర్శకుడు అన్నాడనీ చెబుతారు.

ఆ తొడుగు మిగల్లేదు. నకలు చేసేవాళ్లు ఫొటోలు చూసి ఒక్కో గీతనూ కొలుస్తారు. వాళ్ల శ్రద్ధను తక్కువ చేయను. కానీ ఆ గీతలన్నీ ఒక అమ్మాయి ఒంటి కొలతలు. రొమ్ము, నడుము, తొడ కొలతల్లో వెంట్రుకవాసి తేడా రాకూడదు, పేరు మాత్రం రాకపోయినా ఫరవాలేదు! ఇదెక్కడి ఖచ్చితత్వం?

కాగితం మింగేసిన రెండో పేరు తెయా ఫాన్ హార్బో. నవల ఆమెదే, స్క్రీన్‌ప్లే ఆమెదే. ‘చూశారా, రాసింది ఆడదే కదా’ అంటారు. అవును, అందుకే ఆ పేరు కావాలి. పితృస్వామ్యపు కలను ఒక స్త్రీ ఎలా రాసిందో, ఎందుకు రాయగలిగిందో మనం చదవాలి. ఆమె తర్వాత నాజీ పార్టీలో చేరింది. ఆ మరకను చెరపమనను, మరకతో సహా రాయమంటాను. ఆమెను మాయం చేసి ఆ ఊహనంతా ఒక మగవాడి మేధగా అమ్మడం ఆమె రాజకీయాలకు శిక్ష కాదు. అది మన జ్ఞాపకానికి శిక్ష.

ఆ రోబో పోలికలు తర్వాత ఎక్కడికి పోయాయో చూడండి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లోని సీ-త్రీపీఓ కోసం రాల్ఫ్ మెక్‌క్వారీ గీసిన తొలి బొమ్మలకు మూలం ఈ ఆడ రోబోయే. రొమ్ములు పోయాయి, మగ గొంతు వచ్చింది. దాంతోపాటు భయాలు, చాదస్తం, హాస్యం అన్నీ వచ్చాయి. 1927 నాటిది మూకీ కాబట్టి మాటలు లేవని సర్దుకోవచ్చు. కానీ ఆమెకు సొంత స్వభావం కూడా లేదు. ఉన్నవి యజమాని ఆజ్ఞలే. యంత్రం మగదయ్యాకే మనిషయిందన్నమాట.

కిట్లు కొనొద్దని నేననను. ఆడవాళ్లం కూడా కొని అతికేస్తే సమానత్వం వచ్చేసిందనీ అనను. రోత్‌వాంగ్ కుర్చీలో ఆడది కూర్చున్నంత మాత్రాన ఆ కుర్చీ మారదు. మారాల్సింది ‘అసలు’ అనే మాటకు మనం ఒప్పుకుంటున్న అర్థం. గీతలతోపాటు గాయాలూ, రంగులతోపాటు రచయిత్రీ అందులోకి రావాలి. ప్రతి ముక్కకూ అంకె వేసిన కాగితంలో ఇద్దరు స్త్రీల పేర్లకు చోటు లేదంటే నేను నమ్మను.