కారణం రాతపూర్వకంగా అడగాలి

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని రఘునాథపల్లి వంటి మండల కేంద్రాల్లో, బ్యాంకు వ్యక్తిగత రుణం కాదన్నవారికి ప్రామిసరీ నోటు మీద సులువుగా దొరికే ‘మూడు రూపాయల వడ్డీ’, అనగా నూటికి నెలకు మూడు రూపాయలు, ఏడాదికి 36 శాతమై కుటుంబాలను కుంగదీస్తుంది. దరఖాస్తును తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ కారణం పాత బాకీల చెల్లింపు తీరును బట్టి 300 నుంచి 900 వరకు లెక్కగట్టే సిబిల్ స్కోరైతే, ఏటా ఒకసారి ఉచితంగా లభించే నివేదికను తెప్పించుకుని, అందులో తీరిన బాకీ తీరనట్టు నమోదై ఉంటే సరిచేయించుకోవచ్చు. మహిళా సంఘాల సభ్యులకైతే రుణాలిచ్చేందుకు 2011లో ఏర్పడిన సహకార సంస్థ స్త్రీనిధి ఉండనే ఉంది. బ్యాంకుకు వెళ్లినా ఫైనాన్స్ సంస్థకు వెళ్లినా, వడ్డీకి రుసుములన్నీ కలిపి వార్షిక భారాన్ని చూపే ‘ముఖ్య వివరాల పత్రం’ 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరైనందున, అది చదవకుండా రుణగ్రహీతలు సంతకం చేయరాదు.