ఖర్జ్ లేని రికార్డు

పోయిన నెల ఆపా ఫోన్ చేసింది. "అరే, నీ భాంజాకి నువ్వైనా సమ్‌ఝాయించు. గిటార్ పట్టుకుని తిరుగుతున్నాడు, చదువు చూస్తే అంతంతే." పావుగంట కాకముందే భాంజా ఫోన్. "మామూ, 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటున్నా. మీరు జామిన్‌గా సంతకం పెడితే చాలు. మా బ్యాండ్ ఆల్బమ్ చేయాలి." ఏం సంగీతమిది అని అడిగితే పోస్ట్ హార్డ్‌కోర్ అన్నాడు. ఫుగాజీ అనే అమెరికా బ్యాండ్ వాళ్లకు ఉస్తాద్ లాంటిదట. సరే, ఉస్తాద్ ఏం చేశాడో చూద్దామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. మౌసిఖీ జాయజా, నాజాయజా అనే బహస్‌లోకి నేను పోను. అందులో ఉలమాల మధ్యే ఇఖ్తిలాఫ్ ఉంది, నాకంత ఇల్మ్ లేదు. మా ఇంట్లో వద్దు అనేవాళ్లకు ఆ హక్కుంది. నేను మాట్లాడేది ముఆమలాత్ గురించి. పైసా ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది, అంతే.

ఫుగాజీది వాషింగ్టన్. కథ మొదలయ్యేది మాత్రం అంతకు ముందు, 1979లో. ఇయన్ మకై అనే కుర్రాడు, అతని దోస్తులు టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్ పెట్టారు. ప్రోగ్రాములకు వచ్చిన పైసలు పంచుకోకుండా దాచారు. బ్యాండ్ విడిపోయే నాటికి 600 డాలర్లు ఉన్నాయి. వాటితో డిస్కార్డ్ అనే సొంత లేబుల్ పెట్టి తమ పాటలతో చిన్న రికార్డు వేశారు. కవర్లు కొనడానికి పైసల్లేవు. ఇంకో రికార్డు కవరు విప్పదీసి, దాని కొలతతో కాగితాలు కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి వాళ్లే చేసుకున్నారు. షాదీ రుఖాలు ఇంటిల్లిపాదీ కూర్చుని మడిచిన వాళ్లకు ఆ రాత్రులు ఎట్లా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

ఆ మకైయే తర్వాత మైనర్ థ్రెట్ అనే బ్యాండ్‌లో శరాబ్, సిగరెట్, నషా వద్దని పాడాడు. ఆ పాట పేరు మీదే 'స్ట్రెయిట్ ఎడ్జ్' అనే తహ్రీకే నడిచింది. మన ఇళ్లల్లో రాక్ అంటే శరాబ్ అనుకుంటాం కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది.

1987లో ఫుగాజీ స్టేజీ ఎక్కింది. మకైతో పాటు గై పిచొటో, జో లాలీ, బ్రెండన్ కాంటీ. చిన్న రికార్డులు కొన్ని వేశాక, 1989లో మొదటి పూర్తి ఆల్బమ్ 'రిపీటర్' రికార్డు చేశారు. స్టూడియో పేరు ఇన్నర్ ఇయర్. డాన్ జియంటారా అనే ఆయన ఆర్లింగ్టన్‌లో తన ఇంటి బేస్‌మెంట్‌లో మొదలుపెట్టిన స్టూడియో అది. ప్రొడ్యూసర్ టెడ్ నైస్లీ ఆ రోజుల్లో వంట కాలేజీలో చదువుకుంటున్నాడు. అందుకని పొద్దున పూట కొన్ని గంటలే పని. ఆయన క్లాసు టైమైతే రికార్డింగ్ బంద్! 1990లో ఆల్బమ్ వచ్చింది. నేను విన్నాను. ఖవ్వాలీకి అలవాటుపడ్డ చెవులు నావి, సచ్ చెప్పాలంటే సగం పాటలు నాకు ఎక్కలేదు. కానీ రెండు గిటార్లు ఒకదానితో ఒకటి తగువులాడుకుంటుంటే బేస్ మాత్రం ఇంటి పెద్దలా నిలకడగా నడవడం నచ్చింది.

అసలు సంగతి ఇక్కడుంది. పెద్ద కంపెనీ ఇచ్చే 'అడ్వాన్స్' అంటే ఇనామ్ కాదు, ఖర్జ్. లక్ష ఇచ్చారనుకోండి, కళాకారుడి రాయల్టీ 10 శాతం అనుకోండి. ఆ లక్ష అతని 10 శాతంలోంచే తీసుకుంటారు. అంటే 10 లక్షల అమ్మకం అయ్యేదాకా అతని చేతికి పైసా రాదు. బాకీ తీరాక కూడా మాస్టర్ టేపు సాధారణంగా కంపెనీదే. ఇల్లు కట్టిన ఖర్చంతా నువ్వే తీర్చు, పట్టా మాత్రం నా పేరు మీద అన్నట్టు. ఇది రిబా కిందికి వస్తుందా అన్నది ముఫ్తీ సాబ్‌లు చెప్పాలి. ఇన్సాఫ్ కాదన్నది నేనే చెప్పగలను.

డిస్కార్డ్‌లో కాగితం మీద కాంట్రాక్టులే లేవు. జబాన్ మీదే నడిచింది. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండ్‌కూ లేబుల్‌కూ పంపకం. టికెట్ 5 డాలర్లు, పిల్లాపెద్దా అందరికీ దాఖలా. టీషర్టులు అమ్ముకోలేదు. పేరొచ్చాక, 1993లో, అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుడు అహ్మెత్ ఎర్తెగున్ స్వయంగా వచ్చి కలిశాడు. ఆయన ఇవ్వజూపింది కోటి డాలర్ల పైమాటే అంటారు. వద్దన్నారు.

ఈ ఎర్తెగున్ తండ్రి మునీర్ ఎర్తెగున్ వాషింగ్టన్‌లో తుర్కీ రాయబారి. 1944లో ఆయన ఇంతెఖాల్ అయినప్పుడు జనాజా నమాజుకు ఆ నగరంలో సరైన మసీదు లేదట. ఆ బాధలోంచే అక్కడి ఇస్లామిక్ సెంటర్ ఆలోచన పుట్టిందని చెబుతారు. 1957లో దాని ఇఫ్తితాహ్ జరిగింది. ఆల్బమ్‌తో సంబంధం లేని మాటే, కానీ చదివాక మనసులోంచి పోలేదు.

మీరు అనొచ్చు, వాళ్లకు గడిచింది కాబట్టి కనాఅత్ పాటించారని. నిజమే. మకై తండ్రి పెద్ద పత్రికలో జర్నలిస్టు. పాతబస్తీలో కిరాయి గదిలో ఉండే పిల్లాడికి 600 డాలర్లు దాచడమే పెద్ద సంగతి. కాబట్టి ఈ కథ చెప్పి పిల్లల షౌఖ్‌ని ఊరికే సబర్ చేయమనడం జులుమ్. పైసా ఇవ్వకపోతే జాగా ఇవ్వాలి, వక్త్ ఇవ్వాలి. మనం రెండూ ఇవ్వం. సూద్ కాగితం మీద జామిన్ సంతకం మాత్రం మొహమాటానికి పెట్టేస్తాం. వాయిదా తప్పిన రోజు మామూ, భాంజా సలాం చెప్పుకోవడం కూడా మానేస్తారు. ఇట్లా పోయిన రిష్తేదారీలు ఎన్నో చూశాను.

నేను సంతకం పెట్టలేదు. మా మిద్దె మీది గది ఖాళీ చేసిచ్చాను. అసర్ నుంచి మగ్రిబ్ దాకా వాయించుకోవచ్చు, అజాన్ వినగానే బంద్, ఇమ్తిహాన్ల నెలలో తాళం. కాలేజీ ఫెస్టుల్లో వచ్చిన పైసలు ఐదుగురూ ఒక డబ్బాలో వేస్తున్నారు. మొన్న లెక్కపెడితే 4,200 ఉన్నాయి. ఆపా మాత్రం గది ఇచ్చినందుకు నాతో ఇంకా మాట్లాడట్లేదు.