తాళం మీద ముగ్గు

రిటైరైన పంతుళ్ళకు ఒక జబ్బుంటుంది. ఏ ఊరు వెళ్ళినా అక్కడి బడి గేటు ముందు కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. కిందటేడు జగిత్యాల వైపు ఓ పెళ్ళికి వెళ్ళాను. భోజనాలకు ఇంకా వేళ కాలేదు గదా అని పక్కనే ఉన్న బడిలోకి దూరాను.

హెడ్మాస్టరుగారు మర్యాదస్తులు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "మా లైబ్రరీ చూద్దురు గాని రండి సార్, ఇప్పుడంతా డిజిటలే" అని వెంటబెట్టుకు పోయారు. చూశాను. ఓ ఇనుప బీరువా. దాని తలుపు మీద నలుపు తెలుపు గళ్ళ కాగితాలు, పదో పన్నెండో. ఒక్కోటీ ఒక్కో క్యూఆర్ కోడు. ఒక్కో కోడుకు ఒక్కో కథ వీడియో. వాటి నడుమ, గొళ్ళేనికి, ఇంత లావు తాళం!

"ఇదేంది బిడ్డా?" అని అక్కడే నిలబడ్డ ఆరో తరగతి పిల్లను అడిగాను.

"ముగ్గు సార్. సెల్లుతోని దీస్తె బొమ్మలు కనవడ్తయట."

"నువ్వు చూసినవా?"

"మాకు సెల్లు ఏడిది సార్? బాపు పొద్దుగాల్నే పట్కపోతడు."

"మరి లోపలి పుస్తకాలు?"

ఆ పిల్ల హెడ్మాస్టరుగారి ముఖం చూసి ఊరుకుంది.

పుస్తకం పోతే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పుకోవలసింది ఆయనే. ముప్ఫయ్యేళ్ళు అదే భయంతో తాళంచెవి జేబులో వేసుకు తిరిగినవాణ్ణి, ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. అందుకని మీతో అంటున్నాను.

ఆ ముగ్గును 1994లో జపానులో డెన్సో సంస్థవాళ్ళు కనిపెట్టారు, కారు విడిభాగాల లెక్క తప్పిపోకుండా. మూడు మూలల్లో కనిపించే మూడు చదరాలు, కాగితాన్ని ఎటు తిప్పి పట్టినా, ఫోనుకు దిక్కు చెబుతాయి. ఈ కథల కోడు కడుపులో కథా లేదు, బొమ్మా లేదు. ఉన్నదల్లా ఓ చిరునామా. మా రోజుల్లో లైబ్రరీ కేటలాగు కార్డు చేసిన పనీ అదే. కాకపోతే కార్డు చూసినవాడు అల్మారా దగ్గరికి నడిచేవాడు. దీన్ని చూసినవాడు అల్మారాకు వీపు తిప్పి ఫోనులోకి వెళ్ళిపోతాడు. నా తగాదా అంతా ఇక్కడే.

పాతకాలపు మనిషి, ఫోనంటే గిట్టదు కాబోలు అనుకునేరు. అదేం కాదు. 2020 సెప్టెంబరు 1 నుంచి, బడులు మూతపడి ఉండగా, దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ వచ్చిన పాఠాలే ఎందరో పిల్లలకు దిక్కయ్యాయి. గుండె రక్తాన్ని ఎలా తోస్తుందో చూపాలంటే వీడియోను మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ పాఠం వేరు, కథ వేరు. పాఠం అర్థమైతే చాలు. కథలో రాజుగారి మీసం ఎంత పొడుగో చదివేవాడే ఊహించుకోవాలి. వీడియో ఆ మీసాన్ని ముందే కొలిచి చేతికిస్తుంది. అది అయిపోయాక పిల్లలు వెతికేది పుస్తకాన్ని కాదు, ఇంకో వీడియోని.

"పిల్లలు పుస్తకాలు ముట్టడం లేదు, అందుకే ఇవి" అంటారు పెద్దలు. ముట్టడానికి తాళం తీశారా, అయ్యా? సమగ్ర శిక్ష కింద 2018లో, బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు అన్నారు. సరే, పుస్తకాలకు పద్దుంది. పుస్తకం తీసి చేతికిచ్చే మనిషికో? తెలుగు పంతులో, డ్రిల్లు మాస్టరో, తీరిక ఉన్నవాళ్ళు ఇంచార్జి. తీరిక ఎవరికీ ఉండదు కనుక తాళమే ఇంచార్జి.

వీడియో ఎలా ఉండాలో చెప్పమంటే, ఆదిలాబాదు అడవుల వైపు చూడమంటాను. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు, పిల్లల వాచకాలు గోండీ భాషలోనే, దేవనాగరి లిపిలో తయారుచేశారు. ఇంట్లో విన్న మాటే కాగితం మీద కనబడితే చదువంటే బెదురుండదని వాళ్ళకు అప్పుడే తెలుసు. అప్పుడు దానికి అచ్చాఫీసు కావలసి వచ్చింది. ఇప్పుడు టీచరమ్మ ఫోను చాలు. ఉట్నూరు దిక్కు బడిలో ఓ తెలుగు కథల పుస్తకం ఉందనుకోండి. ఆ ఊరి అవ్వ చేత అదే కథ గోండీలో చెప్పించి, ఆ కోడును పుస్తకం లోపలి అట్టకు అంటించండి. బీరువా తలుపుకు కాదు సుమా! ముగ్గు కావాలంటే పుస్తకం తెరవాలి. అవ్వ సగం చెప్పి ఆపెయ్యాలి. మిగతాది పేజీల్లో వెతుక్కోవాలి. సిగ్నలు అందని గూడెంలో కోడెందుకు, అవ్వనే బడికి పిలవండి. ఓ చాయ్ ఖర్చు.

ఆ రోజు హెడ్మాస్టరుగారు ఏమనుకున్నారో, తాళం తీశారు. (తాళంచెవి దొరకడానికి పావుగంట పట్టిందనుకోండి.) ఆ పిల్ల ఓ సన్నపాటి పుస్తకం లాగి, గోడకానుకుని కూర్చుంది. కాసేపయ్యాక నేను ఫోను తీసి, "కథ చెప్పు బిడ్డా, పట్టుకుంటా" అన్నాను. సిగ్గుపడుతూనే మొదలుపెట్టి, నక్క బావిలో పడేదాకా చెప్పి ఆగింది.

"తర్వాతేమైంది?"

"ఇంక సదవలే సార్. పుస్తకం ఇంటికియ్యమని మా సారుకు జెప్పుండ్రి."