గిలెటిన్ దగ్గర ఆపేసిన కథ

బూర్బన్ రాజవంశం గురించి మనకి తెలిసిన కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. వెర్సాయ్ మహలు, మేరీ ఆంటోనెట్ సోకులు, 1793లో గిలెటిన్. రాజు తల తెగింది, శుభం కార్డు పడింది. నా తగువంతా ఆ శుభం కార్డుతోనే.

బూర్బన్లు 1793తో పోలేదు. నెపోలియన్ ఓడిపోయాక 1814లో తిరిగొచ్చారు. 16వ లూయీ తమ్ముళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కారు. ఆ ఇద్దరిలో చిన్నవాడు పదో చార్లెస్. ఈ వంశం ఎవరి పక్షమో తెలియాలంటే ఆయన ఏలుబడిలో 1825 వసంతం ఒక్కటీ చూడండి చాలు.

ఏప్రిల్ 17న హైతీ మీద ఒక ఫర్మానా. బానిసలు తిరగబడి, గెలిచి, 1804లో నిలబెట్టుకున్న దేశం అది. దాన్ని గుర్తించాలంటే పాత యజమానులకి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నాడు రాజు. ఆ కబురు మోసుకెళ్ళినవి యుద్ధనౌకలు. అదే నెలలో ఇంకో చట్టం: విప్లవంలో భూములు పోయిన దొరలకి దాదాపు వంద కోట్ల ఫ్రాంకులు. మే నెలాఖరులో రీమ్స్‌లో పట్టాభిషేకం, ఆ వెంటనే రాజు చెయ్యి తగిలితే గండమాల తగ్గుతుందనే పాత తంతు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. దొరకి పోయిన పొలానికి పరిహారం, యజమానికి పోయిన మనిషికి పరిహారం. కొరడా దెబ్బలు తిన్నవాడికి బిల్లు!

మొదటి వాయిదాకే హైతీ పారిస్ బ్యాంకర్ల దగ్గర 3 కోట్లు అప్పు చేసింది. కమీషన్ పోను చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. 1830లో జనం చార్లెస్‌ని తరిమేశాక గద్దెనెక్కిన దాయాది లూయీ ఫిలిప్, 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించాడు. మాఫీ మాత్రం చెయ్యలేదు. అప్పు తీర్చడానికి అప్పు, దాని మీద వడ్డీ... ఆ గొలుసు తెగేసరికి 1947.

'కళల్ని పోషించారు కదా, మొలియేర్‌కి అండగా నిలిచింది 14వ లూయీయే కదా' అంటారు సాహిత్య మిత్రులు. నిజమే, నిలిచాడు. 1685లో బానిసని చరాస్తి కింద జమకట్టిన 'కోడ్ న్వార్' కూడా ఆ రాజు శాసనమే. నెల రోజులు పారిపోయి దొరికిన బానిసకి చెవులు కోసి, భుజం మీద వాత పెట్టమంది ఆ శాసనం. ఆ వాత ఏ ఆకారంలోనో తెలుసా? ఫ్రెంచి రాజుల చిహ్నమైన లిల్లీ పువ్వు. నాటకశాలకీ చెరుకు తోటకీ రాజు ఒక్కడే. ఒకదాన్ని సంస్కృతి అని, రెండోదాన్ని 'ఆ కాలం అలాంటిది' అని దాటెయ్యడం నాకు చేతకాదు.

2025 ఏప్రిల్ 17న, ఆ ఫర్మానాకి 200 ఏళ్ళు నిండిన రోజున, అధ్యక్షుడు మాక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో ఒక కమిషన్ ప్రకటించారు. మంచిదే. డబ్బు వెనక్కిస్తామన్న హామీ మాత్రం అందులో లేదు.

వెర్సాయ్ అద్దాల హాలు చూసి మురవండి, నాకేం అభ్యంతరం లేదు. బూర్బన్ల ఖాతాని మాత్రం 1793లో మూసెయ్యకండి. హైతీ ఆ ఖాతాకి కట్టిన డబ్బు ఇంకా తిరిగి రాలేదు.